సంకర తేజము: కంది చేనిలో గణాంకశాస్త్రము

తొలకరి వానలు పడగానే మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతముల రైతులు కంది విత్తనమును గూర్చి ఆలోచింప మొదలిడుదురు. నల్లమల కొండలకు తూర్పున, వానను నమ్ముకొని యున్న ఈ మెట్ట భూములలో కంది ముఖ్యమైన పంట. ఖరీఫులో విత్తిన కంది సంక్రాంతికి కొంచెము ముందో వెనుకో గాని ఇంటికి రాదు. ఈ మధ్య కాలములో ఒకటి రెండు వానలు తప్పినచో పెట్టుబడి అంతయు మట్టిపాలగును. అట్టి రైతుతో విత్తనముల అంగడిలో ఎవరైనను, "ఇది సంకర విత్తనము, మామూలు రకముకంటె నూటికి ముప్పది పాళ్లు ఎక్కువ పండును" అని చెప్పినచో ఆయన ఏమి చేయవలెను? ఎక్కువ వెల పెట్టి దానిని కొనవలెనా? ఇంట దాచుకొన్న విత్తనమునే వేసికొనవలెనా?

ఈ ప్రశ్నకు సమాధానము సగము వృక్షశాస్త్రములోను, సగము గణితములోను ఉన్నది. "నూటికి ముప్పది పాళ్లు ఎక్కువ" అను మాట వినగానే మనము రెండు సంగతులు అడుగవలెను. మొదటిది: దేనికంటె ఎక్కువ? రెండవది: ఆ ఎక్కువ విత్తనము వలన కలిగినదా, లేక చేనికి చేనికి, ఏటికి ఏటికి సహజముగా ఉండు హెచ్చుతగ్గులలో ఒకటియా? ఈ రెండింటికిని సరియైన జవాబు దొరకనిదే శాతము ఎంత పెద్దదైనను దానికి విలువ లేదు. ఉన్నత పాఠశాల గణితము వచ్చినవారు ఈ జవాబులను తామే కనుగొనవచ్చును.

సంకర తేజమన నేమి?

వేర్వేరు లక్షణములు గల రెండు మొక్కలను సంపర్కము చేసి పొందిన సంతతిని సంకరము అందురు. అట్టి సంతతి మొదటి తరములో తల్లిదండ్రులకంటె ఏపుగా పెరిగి, ఎక్కువ కాపు కాయుట పలు మొక్కలలో కనబడును. దీనికే సంకర తేజమని పేరు. జర్మను శాస్త్రజ్ఞుడు కోల్‌రాయిటర్ 1760 ప్రాంతమున పొగాకు జాతులను సంకరము చేయుచు ఈ విశేషమును గమనించెను. చార్లెస్ డార్విన్ పలు జాతుల మొక్కలపై ఏండ్ల తరబడి ప్రయోగములు చేసి, స్వపరాగ సంపర్కము వలన పుట్టిన మొక్కలకంటె పరపరాగ సంపర్కము వలన పుట్టినవి సాధారణముగా బలిష్ఠముగా ఉండునని 1876లో ఒక గ్రంథమును ప్రకటించెను. అమెరికాలో జార్జి షల్ మొక్కజొన్నను తరతరములు స్వపరాగ సంపర్కముతో పెంచి, అవి బలహీనపడుటయు, అట్టి రెండు వంశములను కలిపినంతనే బలము తిరిగి వచ్చుటయు చూచి, 1908లో ఆ సంగతిని వెల్లడించెను. దీనికి శాస్త్రనామమైన "హెటిరోసిస్" అను పదమును 1914లో ప్రవేశపెట్టినవాడు ఆయనయే.

దీనికి కారణమేమి? ప్రతి మొక్కలోను జన్యువులు జంటలుగా ఉండును. హాని చేయు జన్యువులు పెక్కు అంతర్గతములు. అనగా జంటలో తోడుగా మంచి జన్యువు ఉన్నచో వాని చెడుగు పైకి రాదు. ఒకే వంశమున స్వపరాగ సంపర్కము సాగినకొలది, రెండును చెడ్డవైన జంటలు కొన్ని స్థిరపడును. ఒక వంశములో చెడినవి కొన్ని, మరియొక వంశములో చెడినవి వేరు కొన్ని. ఆ రెండు వంశములను కలిపినపుడు ఒకదాని లోపమును రెండవది కప్పివేయును. ఇది ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు తలంతురు. కొన్ని చోట్ల విభిన్నమైన రెండు జన్యువులు జంటగా నుండుటయే మేలు చేయుననియు, వేర్వేరు జన్యువుల పరస్పర ప్రభావము కూడ కలదనియు చెప్పుదురు. ఏ పంటలో ఏది ఎంత పాలు అను విషయమున పరిశోధన ఇంకను సాగుచునే యున్నది.

మన దేశమున సంకర విత్తనముల యుగము మొక్కజొన్నతో ఆరంభమైనది. 1961లో గంగ 1, గంగ 101, రంజిత్, దక్కన్ అను సంకరములు విడుదలయ్యెను. 1964లో జొన్నలో సి.ఎస్.హెచ్. 1, 1965లో సజ్జలో హెచ్.బి. 1, 1970లో ప్రత్తిలో హెచ్. 4 వెలువడినవి. జొన్న సంకరములను రూపొందించుటలో నీలంరాజు గంగాప్రసాదరావు గారి కృషి చిరస్మరణీయము.

దేనికంటె ఎక్కువ?

సంకర తేజమును కొలుచుటకు మూడు కొలబద్దలు కలవు. ఒక ఊహా ఉదాహరణముతో వానిని చూతము. హెక్టారునకు 600 కి.గ్రా. పండు తల్లి వంశమును, 900 కి.గ్రా. పండు తండ్రి వంశమును కలుపగా వచ్చిన సంకరము 1,000 కి.గ్రా. పండినదనుకొందము. అదే చేనిలో రైతులు మామూలుగా వేయు రకము 950 కి.గ్రా. పండినది.

మొదటి కొలబద్ద తల్లిదండ్రుల సగటు. 600, 900ల సగటు 750. సంకరము దానికంటె 250 ఎక్కువ. 250ని 750చే భాగించి నూటిచే గుణింపగా 33.3 శాతము.

రెండవది తల్లిదండ్రులలో మేలైనది. అది 900. సంకరము దానికంటె 100 మాత్రమే ఎక్కువ. అనగా 11.1 శాతము.

మూడవది రైతు వేసికొను రకము. దీనిని ప్రామాణిక రకము అందురు. సంకరము దానికంటె 50 కి.గ్రా. మాత్రమే ఎక్కువ. అనగా 5.3 శాతము.

చేను ఒక్కటే, పంట ఒక్కటే. శాతములు మాత్రము 33, 11, 5 అని మూడు విధములుగా వచ్చినవి. ఇందులో అబద్ధమేదియు లేదు. మొదటిది జన్యుశాస్త్రజ్ఞునకు పనికివచ్చును. ఏలనన అది జన్యువుల కలయిక వలన కలిగిన ఫలితమును చూపును. రెండవది ఆ సంకరము తన తల్లిదండ్రులను మించినదో లేదో చెప్పును. కాని రైతునకు కావలసినది మూడవది ఒక్కటియే. ఆయన తన చేనిలో బలహీనమైన తల్లి వంశమును ఎన్నడును విత్తడు గదా! కనుక ముప్పది పాళ్లని ఎవరైన చెప్పినపుడు, "మేము వేయు రకముతో పోల్చి చెప్పుచున్నారా?" అని అడుగుట మొట్టమొదటి పని.

డార్విను పెంచిన పదునైదు జతలు

ఇక రెండవ ప్రశ్న. ఒక చేనిలో సంకరము ఎక్కువ పండినంత మాత్రమున అది విత్తనము గొప్పతనమని చెప్పజాలము. ఆ మడిలో మట్టి లోతుగా ఉండవచ్చును. గట్టు ప్రక్కన తేమ నిలిచియుండవచ్చును. పురుగు ఇంకొక మడిని ముందు తాకియుండవచ్చును. ఒకే విత్తనమును పది మడులలో చల్లినను పది దిగుబడులు సమానముగా ఉండవు. ఈ సహజమైన హెచ్చుతగ్గులకంటె సంకరమునకును, మామూలు రకమునకును గల వ్యత్యాసము తగినంత పెద్దదైనప్పుడే దానిని నమ్మవలెను.

ఈ విషయమును బోధించుటకు డార్విను మొక్కజొన్న ప్రయోగమును మించిన ఉదాహరణము లేదు. ఆయన స్వపరాగ సంపర్కము వలన వచ్చిన మొక్కను, పరపరాగ సంపర్కము వలన వచ్చిన మొక్కను జతలుగా కుండీలలో ఎదురెదురుగా నాటి పెంచెను. ఒకే కుండీ కనుక మట్టి, నీరు, వెలుతురు ఇద్దరికిని ఒక్కటే. ఇట్టి 15 జతల ఎత్తులను కొలువగా పరపరాగపు మొక్కల సగటు ఎత్తు 20.19 అంగుళములు, స్వపరాగపు మొక్కల సగటు 17.57 అంగుళములు. తేడా 2.62 అంగుళములు, అనగా ఇంచుమించు 15 శాతము.

ఈ తేడా నమ్మదగినదా? డార్విను ఈ అంకెలను తన బంధువు, గణాంక వేత్తయునగు ఫ్రాన్సిస్ గాల్టనునకు చూపెను. గాల్టను రెండు వర్గముల మొక్కలను విడివిడిగా పొడవు క్రమమున పేర్చి పోల్చెను. ఆ క్రమమున ఏ మొక్కకు ఏది జతయో అను సంగతి చెదరిపోయినది. 1935లో సర్ రొనాల్డ్ ఫిషర్ "ప్రయోగముల రూపకల్పన" అను అర్థమిచ్చు తన ప్రసిద్ధ గ్రంథములో ఈ లెక్కను మరల చేపట్టి, జతలను జతలుగానే ఉంచవలెనని చూపెను.

ప్రతి జతలోను పరపరాగపు మొక్క ఎత్తునుండి స్వపరాగపు మొక్క ఎత్తును తీసివేయగా వచ్చిన తేడాలు, అంగుళములో ఎనిమిదవ వంతులలో, ఇవి: 49, −67, 8, 16, 6, 23, 28, 41, 14, 29, 56, 24, 75, 60, −48. పదమూడు జతలలో పరపరాగపు మొక్కయే పొడవు. రెండు జతలలో మాత్రము స్వపరాగపు మొక్క పొడవు, అదియు చాల పొడవు.

ఈ పదునైదు అంకెల మొత్తము 314, సగటు 20.93. ఇప్పుడు ఒక్కొక్క తేడా ఈ సగటునుండి ఎంత తొలగియున్నదో కనుగొని, ఆ తొలగింపులను వర్గము చేసి, కూడి, 14చే భాగించి, వర్గమూలమును తీయవలెను. అట్లు వచ్చు అంకె 37.74. దీనికి ప్రామాణిక విచలనమని పేరు. జతలలో సహజముగా నున్న హెచ్చుతగ్గులకు ఇది కొలత. దీనిని జతల సంఖ్యయైన 15 యొక్క వర్గమూలముచే భాగింపగా 9.75 వచ్చును. ఇది సగటులో ఉండదగిన అనిశ్చయము. దీనిని ప్రామాణిక దోషము అందురు. సగటు తేడా ఈ దోషమునకు ఎన్ని రెట్లున్నది? 20.93ను 9.75చే భాగింపగా 2.15, దశాంశములను వదలక లెక్కించినచో 2.148. దీనినే "టీ" విలువ అందురు.

ఈ "టీ" పరీక్షను 1908లో వెలువరించినవాడు విలియం గాసెట్. ఆయన డబ్లిను నగరములో ఒక బీరు కర్మాగారమున ఉద్యోగి. బార్లీ రకములను పోల్చుట ఆయన పనులలో ఒకటి. తన పేరు బయటపెట్టక "స్టూడెంట్", అనగా విద్యార్థి, అను మారుపేరుతో ఆయన ఆ వ్యాసమును ప్రకటించెను. షల్ మొక్కజొన్న వ్యాసము, ఈ విద్యార్థి వ్యాసము ఒకే సంవత్సరమున వెలువడుట ముచ్చటైన సంగతి.

పదునైదు జతలు గల ప్రయోగములో నిజముగా ఏ తేడాయు లేకున్నను, కేవలము యాదృచ్ఛికముగా "టీ" విలువ 2.145ను మించుట నూరింట ఐదు పర్యాయములే జరుగునని పట్టికలు చెప్పును. డార్వినునకు వచ్చినది 2.148. అనగా అంత గొప్ప శాస్త్రజ్ఞుని ప్రయోగము వెంట్రుకవాసిలో గట్టెక్కినది! పదునైదు శాతము తేడా ఉండియు ఇట్లేల జరిగెను? జతల సంఖ్య తక్కువ, హెచ్చుతగ్గులు ఎక్కువ అగుటచేత. శాతము పెద్దదైనంత మాత్రమున నిశ్చయము పెద్దది కాదని దీని సారాంశము. కుండీలో ఏ వైపున ఏ మొక్కను నాటవలెనో నాణెము ఎగురవేసి నిర్ణయించుట మంచిదని కూడ ఫిషర్ సూచించెను. అప్పుడు ప్రయోగము చేయువాని ఇష్టానిష్టములు గాని, ఎండ పడు వైపు గాని ఒక పక్షమునకే మేలు చేయజాలవు.

తల్లిదండ్రులను ఎన్నుకొనుట

ఏ రెండు వంశములను కలిపినను సంకర తేజము రాదు. వందల వంశములనుండి మంచి జంటను ఎన్నుకొనుటకును గణాంకములే దారి చూపును. 1942లో స్ప్రేగ్, టేటం అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికొక పద్ధతి చెప్పిరి. ఎవరితో కలిపినను మంచి సంతతినిచ్చుట ఒక వంశమునకు గల సాధారణ సంయోజన శక్తి. ఒకానొక వంశముతో కలిపినప్పుడు మాత్రమే విశేష ఫలమునిచ్చుట విశిష్ట సంయోజన శక్తి. ఈ రెండింటిని వేరు చేసి చూచినచో ఏ వంశమును ఉంచుకొనవలెనో, ఏ జంటను విత్తనమునకు ఎన్నుకొనవలెనో తెలియును.

తల్లిదండ్రులు ఒకరికొకరు ఎంత దూరపువారైన అంత మేలని, కొంత హద్దు వరకు, చెప్పవచ్చును. ఈ దూరమును పలు లక్షణములను ఒక్కసారి లెక్కలోనికి తీసికొని కొలుచు పద్ధతిని ప్రశాంతచంద్ర మహలనోబిస్ కనుగొనెను. దానిని వర్గీకరణమునకు అనువుగా విస్తరించిన వారిలో మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) ముఖ్యులు. నేటికిని భారతదేశమున పంటల అభివృద్ధి శాస్త్రజ్ఞులు జనకులను ఎన్నుకొనుటకు ఈ పద్ధతిని వాడుచున్నారు.

కందిలో సంకరము చేయుట ఎట్లు?

మొక్కజొన్నలో మగ పూలు పైన, ఆడ పూలు ప్రక్కన వేరుగా నుండును. మగ కంకిని తుంచివేసినచో చాలును. కంది అట్లు కాదు. ఒకే పువ్వులో కేసరములు, అండాశయము కలిసియుండి, పువ్వు విచ్చకముందే చాల వరకు స్వపరాగ సంపర్కము జరిగిపోవును. చేతితో ఒక్కొక్క పువ్వునుండి కేసరములను తీసి విత్తనము తయారుచేసినచో దాని వెలను ఏ రైతును భరింపజాలడు. అయితే తేనెటీగల వంటి కీటకములు కంది పూలపై వాలి కొంత పరపరాగ సంపర్కము కూడ చేయుచుండును. కందికి గల ఈ గుణమే సంకరమునకు దారి చూపినది.

పుప్పొడి పుట్టని మొక్క దొరికినచో కీటకములే మిగిలిన పని చేయును. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, అనగా ఇక్రిశాట్, ఈ మార్గమున నడచినది. జన్యుపరమైన పురుష వంధ్యత్వము ఆధారముగా ఐ.సి.పి.హెచ్. 8 అను సంకరము 1991లో విడుదలయ్యెను. ప్రపంచమున పప్పు ధాన్యములలో విడుదలయైన మొదటి సంకరము అది. కాని దాని విత్తనపు చేనిలో తల్లి వరుసలందు సగము మొక్కలు పుప్పొడి గలవిగా పుట్టును. పూత సమయమున వానిని ఒక్కొక్కటిగా గుర్తించి పెరికివేయవలెను. ఆ శ్రమ వలన అది వ్యాపింపలేదు.

పిమ్మట సక్సేనా గారును, వారి సహచరులును తూర్పు కనుమలలో పెరుగు ఒక అడవి కందిని ఆశ్రయించిరి. దాని శాస్త్రనామము కజానస్ కజానిఫోలియస్. ఈ అడవి జాతి కణద్రవ్యములోనికి సాగు కంది జన్యువులను చేర్పగా, పుప్పొడి లేని స్థిరమైన తల్లి వంశము లభించినది. అందు అన్ని మొక్కలును వంధ్యములే. పెరికివేయవలసిన పని లేదు. సంతానమునకు పుప్పొడిని మరల ప్రసాదించు జన్యువు గల తండ్రి వంశముతో దీనిని కలుపుదురు. ఇట్లు రూపొందిన ఐ.సి.పి.హెచ్. 2671 సంకరము 2010లో మధ్యప్రదేశ్‌లో విడుదలయ్యెను. దానికి ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకొను శక్తి కలదు. 2015లో ఇదే మార్గమున వచ్చిన ఐ.సి.పి.హెచ్. 2740 తెలంగాణలో "మన్నెంకొండ కంది" అను పేరుతో వెలువడినది.

ఐదు రాష్ట్రముల లెక్క

ఐ.సి.పి.హెచ్. 2671ను ఐదు రాష్ట్రములలో రైతుల చేలలోనే 2,013 పరీక్షలలో అక్కడి పోలిక రకముతో ప్రక్కప్రక్కన పండించి చూచిరి. ఆ ఫలితములు ఇవి. (మొదట పరీక్షల సంఖ్య, పిమ్మట సంకరము దిగుబడి, పోలిక రకము దిగుబడి, హెక్టారునకు కిలోగ్రాములలో, చివర తేడా.)

మహారాష్ట్ర: 782, 969, 717, తేడా 252
ఆంధ్రప్రదేశ్ (విభజనకు పూర్వము): 399, 1,411, 907, తేడా 504
కర్ణాటక: 184, 1,201, 951, తేడా 250
జార్ఖండ్: 288, 1,460, 864, తేడా 596
మధ్యప్రదేశ్: 360, 1,940, 1,326, తేడా 614

అన్నింటి సగటుగా సంకరమునకు 1,396 కి.గ్రా., పోలిక రకమునకు 953 కి.గ్రా. అని ప్రకటించిరి. అనగా 46.5 శాతము ఎక్కువ. విద్యార్థులు ఒక్క క్షణము ఆగి ఈ సగటును సరిచూడవలెను. ఐదు రాష్ట్రముల దిగుబడులను కూడి ఐదుచే భాగించినచో సరిగా ఈ అంకెలే వచ్చును. అనగా 782 పరీక్షలు జరిగిన మహారాష్ట్రమునకును, 184 మాత్రమే జరిగిన కర్ణాటకమునకును సమానమైన విలువ ఇచ్చినట్లు. పరీక్షల సంఖ్యను బట్టి తూచి లెక్కించినచో సంకరము సగటు 1,322కును, పోలిక రకము సగటు 906కును దిగును. ఎక్కువ శాతము 45.9 అగును. కిలోగ్రాములు తగ్గినవి గాని శాతము ఇంచుమించు మారలేదు. రెండు మార్గములందును ఒకే ఫలితము వచ్చుట శుభసూచకము. ఎల్లప్పుడును ఇట్లే జరుగునని మాత్రము అనుకొనరాదు. సగటు అను మాట వినినప్పుడు ఎట్టి సగటో తెలిసికొనుట మంచిది.

ఇప్పుడు డార్విను మొక్కజొన్నకు చేసిన లెక్కనే దీనికిని చేయుదము. ఐదు తేడాలు 252, 504, 250, 596, 614. సగటు 443.2. ప్రామాణిక విచలనము 180.3. దానిని ఐదు యొక్క వర్గమూలముచే భాగింపగా ప్రామాణిక దోషము 80.7. "టీ" విలువ 5.5. ఐదు జతలకు పట్టికలో నూటికి ఐదు హద్దు 2.776, నూటికి ఒకటి హద్దు 4.604. మన విలువ రెండింటిని దాటినది. ఇది యాదృచ్ఛికమనుటకు ఇక అవకాశము బహు స్వల్పము.

రెండువేల పదమూడు పరీక్షలుండగా ఐదు అంకెలతోనే లెక్క వేయుట ఏల అని అడుగవచ్చును. మన చేతిలో నున్నవి రాష్ట్రముల సగటులే అనునది ఒక కారణము. అంతకంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. మన ప్రశ్న "ఆ చేలలో ఎక్కువ పండినదా?" అని కాదు; "మరియొక ప్రాంతమున కూడ ఎక్కువ పండునా?" అని. దానికి జవాబు ప్రాంతమునకు ప్రాంతమునకు గల హెచ్చుతగ్గులను బట్టియే చెప్పవలెను. ఒకే ప్రాంతమున వేయి పరీక్షలు చేసినను ఆ సంగతి తెలియదు.

ఈ లెక్కనుండి ఇంకొకటి కూడ తీయవచ్చును. 80.7ను 2.776చే గుణించి, సగటునకు కలిపియు తీసివేసియు చూచినచో, ఇట్టి ప్రాంతములలో సగటు లాభము హెక్టారునకు సుమారు 219 మొదలు 667 కి.గ్రా. వరకు ఉండవచ్చునని తేలును. ఎకరమునకు అది 89 మొదలు 270 కి.గ్రా. "ఎకరమునకు 179 కి.గ్రా. ఎక్కువ" అను ఒంటి అంకెకంటె ఈ రెండు హద్దులు రైతునకు ఎక్కువ మేలు చేయును. హీనపక్షము 89 కిలోల కందుల వెల విత్తనమునకై అదనముగా పెట్టు ఖర్చునకు సరిపోవునా అని ఆయన యోచించుకొనవచ్చును. అయినను ఇవి సగటునకు హద్దులే గాని ఒక్కొక్క చేనికి హద్దులు కావు. వాన తప్పిన చేనిలో ఇంతకంటె తక్కువయు రావచ్చును.

మార్కాపురపు రైతునకు ఇంకొక మెలకువ అవసరము. ఆయన వేయునది గుంటూరు చెంత లాం పరిశోధన క్షేత్రమున రూపొందిన ఎల్.ఆర్.జి. 41 వంటి రకమైనచో, పోలిక ఆ రకముతోనే జరుగవలెను. పై పట్టికలోని 46 శాతము అక్కడి పోలిక రకములపై వచ్చినది. ఆయన రకము వానికంటె మెరుగైనదైనచో లాభము అంతమేరకు తగ్గును. మరియు పరీక్ష ఒక్క ఏడు జరిగిన చాలదు. 1965 తరువాత వచ్చిన హెచ్.బి. సజ్జ సంకరములు మొదట అద్భుతముగా పండి, 1970 దశాబ్దిలో వెర్రి కంకి తెగులునకు లోనై రైతులను నష్టపెట్టినవి. తెగులు రాని ఏటి సగటులో తెగులు వచ్చు ఏటి నష్టము కానరాదు.

రెండవ ఏటి విత్తనము

సంకరపు చేనినుండి విత్తనము దాచుకొని మరుసటి ఏడు విత్తరాదని వ్యవసాయాధికారులు చెప్పుదురు. దీనికి కారణము జన్యుశాస్త్రము. దానిని కూడ లెక్కతో చూపవచ్చును. మొదటి తరమున తల్లిదండ్రులు భేదించు ప్రతి చోటను జన్యువుల జంట మిశ్రమముగా ఉండును. వానిలోనుండి పుట్టిన రెండవ తరమున అట్టి జంటలలో సగమే మిశ్రమముగా మిగులును. కావున సంకర తేజము కూడ ఇంచుమించు సగమునకు దిగును.

మన ఊహా ఉదాహరణములో తల్లిదండ్రుల సగటు 750, సంకరము 1,000, తేజము 250. రెండవ తరమున అందు సగము 125. అప్పుడు దిగుబడి 875. రైతు మామూలుగా వేయు రకమో 950! మొదటి ఏడు 50 కిలోల లాభము. విత్తనము దాచుకొన్నచో రెండవ ఏడు 75 కిలోల నష్టము. అంతే కాదు, కంది సంకరములో రెండవ తరమున కొన్ని మొక్కలు పుప్పొడి లేనివిగా పుట్టును. పూత, కాపు కూడ ఒకే సమయమునకు రావు. కనుక సంకర విత్తనమును ఎంచుకొన్న రైతు ప్రతి ఏటను క్రొత్త విత్తనమునకు సొమ్ము సిద్ధముగా ఉంచుకొనవలెను. సొంత విత్తనము దాచుకొనదలచినవానికి శుద్ధ వంశపు రకములే తగినవి.

బడి ఆవరణలో డార్విను ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ సంగతిని బోధించుటకు ప్రయోగశాల అక్కరలేదు. సంకర మొక్కజొన్న విత్తనములు పదునైదును, అదే సంకరమును పండించిన చేనిలోని ముదిరిన కంకినుండి తీసిన గింజలు పదునైదును చాలును. అంగడి విత్తనమునకు మందు పట్టించియుందురు గాన పిల్లలు దానిని తాకిన పిమ్మట చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. పదునైదు కుండీలలో, లేదా పెరటిలో పదునైదు గుంటలలో, ఒక్కొక్క దానియందు రెండు వైపుల రెండు గింజలు నాటవలెను. ఏ వైపు ఏది అను సంగతిని ప్రతి కుండీకి నాణెము ఎగురవేసి నిర్ణయించి వ్రాసికొనవలెను. నీరు సమానముగా పోసి, ముప్పది దినములకు ఎత్తులు కొలిచి, జత జతకు తేడా తీసి, పైన చెప్పిన లెక్క వేయవలెను.

ఒకప్పుడు దేశ విదేశముల బడి పిల్లల చేతులలోనికి వెళ్ళిన మార్కాపురపు పలక మీదనే ఈ లెక్క అంతయు పట్టును. "టీ" విలువ 2.145ను దాటకపోయినచో పిల్లలు నిరాశ చెందనక్కరలేదు. తేడా లేదని దాని అర్థము కాదు. ఆ పదునైదు జతలు నిశ్చయము చెప్పుటకు చాలలేదని మాత్రమే అర్థము. మరుసటి ఏడు ముప్పది జతలు నాటవచ్చును. ఈ ప్రయోగము చేసిన బాలుడు గాని, బాలిక గాని వచ్చే తొలకరికి తండ్రి వెంట విత్తనముల అంగడికి పోయి, "దేనికంటె ఎక్కువ? ఎన్ని చేలలో చూచిరి? ఎన్ని ఏండ్లు చూచిరి?" అని అడుగగలిగినచో, ఆ పాఠము వలన ఇంటికి మేలు కలిగినట్లే.